గురి, శుభ్రత: తనంతట తాను తూటా నింపుకొను రైఫిలుపై ఒక విమర్శ

పాత నూతుల గట్టు చూచినవారికి ఈ సంగతి తెలియును. ఏండ్ల తరబడి చేంతాడు రాచుకొనిన చోట రాతిలో వ్రేలు దూరునంత గాడులు పడియుండును. తాడు మెత్తనిది, రాయి గట్టిది. అయినను అరిగినది రాయియే. తడి తాటికి అంటుకొనిన ఇసుక రేణువులు ఆకురాయి పని చేసినవి. రైఫిలు గొట్టపు మూతి దగ్గర జరుగునదియు ఇదియే. గొట్టమును తుడుచుటకు సిపాయి దినదినము దూర్చు ఉక్కు కడ్డీ గాని, లాగు త్రాడు గాని మసిని, ధూళిని వెంటబెట్టుకొని మూతి అంచును ఒరసికొనుచు పోవును. ఆ అంచు వృత్తాకారమును కోల్పోయిన నాడు, గుండ్లు ఒక్కటియైనను అదనముగా కాల్చకుండనే తుపాకి గురి చెడును.

గుండు గొట్టమును విడుచునపుడు దానిని చిట్టచివర తాకునది ఆ మూతి అంచు. అది ఒక ప్రక్క అరిగినచో, గుండు వెనుక తరుముకొని వచ్చు వాయువు ఆ ప్రక్కనుండి ముందుగా బయటపడి గుండు అడుగుభాగమును నెట్టివేయును. పంపు స్టవ్వు రంధ్రమును పిన్నుతో పొడిచి పొడిచి బాగుచేసిన ఇండ్లలో మంట కొన్నాళ్లకు ఒక వైపునకు ఒరిగి మండుట గృహిణులందరు ఎరిగినదే. రంధ్రము శుభ్రమైనదే, కాని గుండ్రముగా లేదు.

ఒక్కొక్క తూటాను చేతితో బోల్టు త్రిప్పి నింపవలసిన పాత రైఫిళ్లకును, ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారి ఒక గుండు కాల్చి తనంతట తాను తరువాతి తూటాను నింపుకొను రైఫిళ్లకును ఈ విషయమున చాల భేదమున్నది. ఈ రెండవ జాతి తుపాకులను గూర్చి ఒక మాట తరచుగా వినవచ్చును: గురి కావలెనన్న అన్నియు బిగువుగా ఉండవలెను, సులభముగా విప్పి తుడువవలెనన్న అన్నియు వదులుగా ఉండవలెను, కనుక ఒకటి కోరినవాడు రెండవదానిని వదులుకొనవలసినదే అని. ఈ మాటలో సగము నిజమున్నది. మిగిలిన సగము, తుపాకిని ఎక్కడ విప్పునట్లు నిర్మించిరి అను ప్రశ్నను అడుగకపోవుట వలన పుట్టిన పొరపాటు. గరాండు రైఫిలు, భారత సైన్యమునకు చిరపరిచితమైన ఎస్.ఎల్.ఆర్., స్టోనరు నిర్మించిన ఎం-16, ఈ మూడింటిని ప్రక్క ప్రక్కన పెట్టి చూచినచో ఆ పొరపాటు ఎట్టిదో తేటపడును.

ముందుగా మురికి సంగతి. బోల్టు త్రిప్పు రైఫిలులో మందు కాలగా పుట్టిన వాయువంతయు గుండు వెంట మూతినుండి బయటికి పోవును. తనంతట నింపుకొను రైఫిలులో ఆ వాయువులో కొంత పాలును గొట్టమునకు వేసిన చిన్న రంధ్రము గుండ ప్రక్కకు త్రిప్పి, దాని ఒత్తిడిచే బోల్టును వెనుకకు నడిపింతురు. శక్తి ఉచితముగా వచ్చినట్లే కనబడును. కాని ఆ వాయువు ఒంటరిగా రాదు. కాలీ కాలని మందు, మసి, గుండు తొడుగు నుండి ఊడిన లోహపు పొడి దానితో కూడ వచ్చి, యంత్రములో ఎక్కడ చల్లబడిన అక్కడ పేరుకొనును. ఎన్ని గుండ్లు కాల్చిన అంత మసి. అందుచేత ఈ జాతి తుపాకికి శుభ్రత అలంకారము కాదు, ఆహారము.

మురికి అంతయు ఒకటే కాదు. పూర్వపు తూటాల ప్రైమరులో పొటాషియం క్లోరేటు ఉండెడిది. అది ప్రేలినపుడు ప్రాణవాయువును విడిచి పొటాషియం క్లోరైడుగా మారును. ఇది మన తినెడి ఉప్పునకు తోబుట్టువు. గాలిలో తేమ నూటికి 84, 85 పాళ్లు దాటినచో ఇది నీటిని పీల్చుకొని చెమ్మగిల్లి, ఉక్కును త్రుప్పు పట్టించును. కోస్తా జిల్లాలలో వేకువజామున గాలికి అంత తేమ ఉండుట వింత కాదు. దీనికి నూనె మందు కాదు. ఆవకాయ జాడీలో నూనె పైకి తేలియున్నను ఉప్పు ఉప్పుగానే యుండునుగదా. తుపాకి గొట్టములోనూ అంతే. ఉప్పును కరగించునది నీరు. బ్రిటిషు సిపాయిలు కాల్పులు ముగిసిన పిదప గొట్టములో మరిగిన నీరు పోసిన ఆచారము మూఢవిశ్వాసము కాదు, శుద్ధ రసాయన శాస్త్రము. తరువాత వచ్చిన సీసపు స్టిఫ్నేటు ప్రైమరులలో ఈ ఉప్పు పుట్టదు. అమెరికా సైన్యము 1950 దశకపు తొలినాళ్లలో తన రైఫిలు తూటాలకు ఈ మార్పు చేసికొనినది.

రెండవ మురికి మసి. ఇది వేడి మీద మెత్తగా తుడిచిన పోవును. చల్లారి గట్టిపడిన తరువాత గీకవలెను. మూడవది రాగి. గుండు తొడుగులోని రాగి గొట్టపు గాడులలో పూతవలె అంటుకొనును. అమ్మోనియా ద్రావణములో తడిపిన గుడ్డ పీలికను గొట్టములో నడిపినపుడు అది నీలముగా బయటికి వచ్చినచో లోపల రాగి ఉన్నదని అర్థము. కళాశాల ప్రయోగశాలలో మైలుతుత్తపు ద్రావణమునకు అమ్మోనియా కలిపినపుడు కనబడు ఆ ముదురు నీలమే ఇది.

ఇక గురి అనగానేమి? ఒక గుండు లక్ష్యమును తాకుట గురి కాదు. పది గుండ్లు ఒకే చోట తాకుట గురి. తుపాకి శాస్త్రజ్ఞులు దీనిని కోణములో కొలుతురు. డిగ్రీని అరువది భాగములు చేసిన అందులో ఒకటి నిమిషము. నూరు మీటర్ల దూరమున ఇది సుమారు 2.9 సెంటీమీటర్ల వెడల్పు. గుండు గొట్టములో ఉండు కాలము రమారమి సెకనులో వేయవ వంతు. ఆ స్వల్పకాలములోనే గొట్టము మీటిన తీగవలె కంపించును. ప్రతిసారి ఒకే తీరున కంపించినచో చింతలేదు. గొట్టమును పట్టుకొనియున్న కొయ్య ఒకసారి ఒక తీరున, మరొకసారి మరొక తీరున ఆనినచో కంపనము మారును, గుండు మారును. ఇది ఒక మెలిక. సైటులు కదలుట మరొక మెలిక. కంటికి దగ్గరి సైటు, మూతి దగ్గరి సైటు, గొట్టము, ఈ మూడింటి పొందిక వెంట్రుకవాసి తప్పిన దూరమున జానెడు తప్పును. తుపాకిని విప్పి మరల బిగించునపుడు ఈ పొందికలలో ఏది చెదరునో చూచుటయే ఈ విమర్శకు కీలకము.

గరాండు రైఫిలును కెనడాలో పుట్టిన జాన్ గరాండు అమెరికా ప్రభుత్వపు స్ప్రింగుఫీల్డు ఆయుధశాలలో రూపొందించెను. 1936 లో అమెరికా సైన్యము దీనిని స్వీకరించినది. ఒక దేశపు సైన్యము తన సిపాయిలందరి చేతికి ఈ జాతి రైఫిలును ఇచ్చుట అదియే మొదలు. మొత్తము మీద యాబది లక్షలకు పైగా తయారైన ఈ తుపాకి చరిత్రలో మొదటి ఘట్టమే ప్రస్తుత చర్చకు చక్కని ఉదాహరణము. గొట్టమునకు రంధ్రము వేయుట గొట్టమునకు చేటు అను భయము ఆనాటి ఆయుధశాఖలో ఉండెను. అందుచే గరాండు మొదట రంధ్రము వేయలేదు. గొట్టపు మూతికి ముందు ఒక దొంగమూతిని మరబిగించి, గుండు బయటపడిన పిదప ఆ సందులో వాయువును పట్టెను. గొట్టము చెడకుండ కాపాడవలెనను తలంపు మంచిదే. ఫలితము మాత్రము వేరు. ఆ సందులో మసి గట్టిపడెను. దానిని తుడుచుట కష్టము. తుడుచుటకు విప్పిన మర తిరిగి సరిగా కుదురనిచో, ముందు సైటును మోయుచున్న ఆ భాగము కదలెడిది. గురిని కాపాడుటకు చేసిన ఏర్పాటు గురినీ చెరచినది, శుభ్రతనూ చెరచినది. 1940 ప్రాంతమున ఆ పద్ధతిని విడిచి, మూతికి దగ్గరగా గొట్టమునకే రంధ్రము వేసిరి. భయపడిన చేటు ఏదియు రాలేదు. గురి, శుభ్రత రెండును ఒకేసారి బాగుపడినవి. రెండింటికి జన్మవైరమని నమ్మువారు ఈ ఒక్క సంగతిని తలపోయవలెను.

అయినను గరాండు నిర్దోషి కాదు. దాని రిసీవరు వెనుక భాగము మూసియున్నది. కావున గొట్టమును మూలము వైపునుండి తుడుచుటకు కడ్డీకి దారి లేదు. మూతి నుండియే దూర్చవలెను. నూతి గట్టు కథ ఇక్కడ పూర్తిగా వర్తించును. ఈ రైఫిళ్లలో గొట్టపు గాడులు లోపల క్రొత్తగానే ఉండి, మూతి మాత్రము కడ్డీ రాపిడికి అరిగిపోయినవి ఎన్నో కలవు. అనుభవజ్ఞులు మూతికి ఇత్తడి తొడుగు పెట్టి, దాని నడిమి రంధ్రము గుండ కడ్డీని నడుపుదురు. యుద్ధభూమిలో ఆ తొడుగు ఏ సంచి అడుగున ఉండునో చెప్పలేము.

ఈ తుపాకిని విప్పుట మాత్రము చూడ ముచ్చటైన పని. ట్రిగ్గరు రక్షకమును క్రిందికి లాగినచో అది మీటవలె పనిచేసి ట్రిగ్గరు భాగము ఊడివచ్చును. దానితో కొయ్య, గొట్టము వేరగును. మూడు ముక్కలు, ఒక్క పనిముట్టు అక్కరలేదు. కాని ఆ మీట బిగువే రిసీవరును కొయ్యకు అదిమి పట్టునది. విప్పి బిగించిన కొలది కొయ్య ఆ చోట నలిగి, పట్టు సడలును. పోటీలలో కాల్చువారు ఈ సంగతి కనిపెట్టి, రిసీవరు ఆనుచోట గాజునార కలిపిన జిగురు పోసి అచ్చు గట్టించిరి. అటుపిమ్మట ఆ రైఫిలును పోటీల కాలము ముగియువరకు కొయ్య నుండి విప్పనే విప్పరు. గరాండు సంతతియైన ఎం-14 కును ఇదే గతి. విప్పుటకు అంత సులభముగా నిర్మించిన యంత్రమును విప్పరాదని నియమము పెట్టుకొనవలసి వచ్చుట వింతగా లేదా? దీనికి తోడు గరాండు ముందు సైటు వాయువు పట్టు సిలిండరు మీదనే కూర్చున్నది. మసి తుడుచుటకు ఆ సిలిండరును ఊడదీసినపుడు సైటు కూడ ఊడివచ్చును. తుడువవలసిన భాగమును, కదలరాని భాగమును ఒకే ముక్కగా చేయుట ఈ నిర్మాణములోని అసలు లోపము. ఇంతటి పేరుపొందిన తుపాకిని గూర్చి ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చును. కాని దాని కీర్తి దాని గురివలన, దృఢత్వమువలన వచ్చినది గాని, ఈ ఏర్పాటు వలన కాదు.

1962 లో హిమాలయ సరిహద్దున చైనాతో యుద్ధము వచ్చునాటికి భారత సైనికుని చేతిలో ఉన్నది బోల్టు త్రిప్పు పాత .303 రైఫిలు. ఆ యుద్ధానంతరము తనంతట నింపుకొను రైఫిలు కావలెనను నిర్ణయము బలపడి, ఇషాపూరు కర్మాగారమున 7.62 మిల్లీమీటర్ల 1ఏ1 ఎస్.ఎల్.ఆర్. తయారు కాజొచ్చెను. దీని మూలరూపము బెల్జియము దేశస్థుడు ద్యుదొన్నె సేవ్ నిర్మించిన ఎఫ్.ఏ.ఎల్. రైఫిలు. 1990 దశకములో 5.56 మిల్లీమీటర్ల ఇన్సాస్ వచ్చువరకు మన సైన్యమునకు ఇదే ప్రధానాయుధము. పోలీసు దళములలో అటు తరువాత కూడ చాలకాలము నిలిచినది. కళాశాలలలో ఎన్.సి.సి. శిబిరములకు పోయివచ్చిన విద్యార్థులకు పుల్ త్రూ త్రాడును, నాలుగంగుళముల చిందీ గుడ్డను క్రొత్తగా పరిచయము చేయనక్కరలేదు.

శుభ్రత విషయమున ఈ తుపాకి గరాండు కంటె ఎన్నో మెట్లు పైన ఉన్నది. ఒక మీటను త్రిప్పినచో తుపాకి నడుమ కీలు దగ్గర మడతపడును. బోల్టును, దాని వాహకమును వెనుకకు లాగి బయటికి తీయవచ్చును. గొట్టపు మూలము కంటికి ఎదురుగా తెరచుకొనును. పుల్ త్రూను మూలము నుండి జారవిడిచి మూతి వైపు లాగవచ్చును. మసి ముందుకే పోవును, యంత్రములో పడదు. త్రాడును వంకరగా లాగినచో మూతి అరుగుట ఇక్కడను తప్పదనుకొనుడు. అందుకే శిక్షకులు త్రాడును తిన్నగా లాగుమని కేకలు వేయుదురు. వాయువు పిస్టనుకు తగిలి, పిస్టను ఒక చిన్న దెబ్బ కొట్టి వెనుదిరుగును. మసి అంతయు ముందరి సిలిండరులోనే ఆగిపోవును. బోల్టు చాలవరకు శుభ్రముగా ఉండును. అన్నిటిని మించి దీనికి వాయువును హెచ్చించుటకు, తగ్గించుటకు ఒక నియంత్రకమున్నది. తుపాకి మురికిపట్టి మందగించినచో సిపాయి దానిని త్రిప్పి, వ్యర్థముగా బయటికి పోవు వాయువును తగ్గించి, పిస్టనుకు మరికొంత బలమిచ్చును. తుడుచుటకు తీరిక దొరకనివాని కష్టమును తలచి చేసిన ఏర్పాటిది. మంచుకొండలలోను, థారు ఎడారిలోను, ఈశాన్యపు వానలలోను ఒకే తుపాకి మోయవలసిన సైన్యమునకు దీని విలువ ఇంత అని చెప్పనలవి కాదు.

మరి గురి? ఇక్కడ కీలు తన సుంకము వసూలు చేసికొనినది. ముందు సైటు గొట్టము వైపు ఉన్నది. వెనుక సైటు మడతపడు క్రింది భాగము మీద, అనగా కొయ్య వైపు ఉన్నది. అనగా తుపాకిని తెరచిన ప్రతిసారి రెండు సైటులు ఒకదానినుండి మరొకటి విడిపోవుచున్నవి. మూసినపుడు అవి మునుపటి చోటికే రావలెనన్న కీలు, గొళ్లెము రెండును బిగువుగా ఉండవలెను. ఇవి వాడుకలో అరుగక మానవు. రెండు సైటుల నడుమ దూరము సుమారు 55 సెంటీమీటర్లు. వెనుక సైటు మిల్లీమీటరులో పదవ వంతు కదలినదనుకొందము. నూరు మీటర్ల దూరమున గుండు 1.8 సెంటీమీటర్లు, మూడు వందల మీటర్లకు 5.4 సెంటీమీటర్లు తప్పును. దీనికి తోడు బోల్టు వెనుక కొన క్రిందికి వాలి రిసీవరులో తగులుకొనును. ప్రేలుడు వేళ ఆ ఒత్తిడిని రిసీవరు అంత పొడవునా మోయవలసి, కొంచెము సాగును. కనుక ఎస్.ఎల్.ఆర్. లక్ష్య పోటీలకు పుట్టిన తుపాకి కాదు.

కాని ఆ 5.4 సెంటీమీటర్లను ఎట్లు తూచవలెను? మూడు వందల మీటర్ల దూరమున మనిషి రొమ్ము వెడల్పు దీనికి ఎన్నో రెట్లు. పరుగెత్తి వచ్చి రొప్పుచున్న సిపాయి చేతి వణుకు దీనికంటె పెద్దది. పోటీలో ఇది పతకమును పోగొట్టును. కొండవాలున దీని లెక్క అంతగా కనబడదు. అక్కడ తుపాకి ప్రేలనిచో కలుగు నష్టమునకు సెంటీమీటర్లలో కొలత లేదు. సేవ్ చేసిన బేరము సైన్యమునకు తగిన బేరమే అని ఒప్పుకొనవలెను. వెనుక సైటును పై భాగముననే నిలుపుటకు ఆయన ఒక దారి వెదకియున్న బాగుండెడిదని మాత్రము ఒక మాట అనక తప్పదు.

ఈ చిక్కును కలాష్నికోవు మరొక విధముగా తప్పించుకొనెను. ఆయన తుపాకి పై మూత రేకు డబ్బా మూతవలె ఊడివచ్చును, కొంచెము వదులుగానే కూర్చుండును. అట్టి మూత మీద సైటు పెట్టిన ఫలితమేమో ఎరిగి, వెనుక సైటును ముందుకు జరిపి గొట్టపు మొదట నిలిపెను. పొందిక చెదరదు, కాని సైటుల మధ్య దూరము సుమారు 38 సెంటీమీటర్లకు తగ్గినది, గురి చూచుటలో కన్ను చేయు తప్పు ఆ మేరకు పెరిగినది. ఆ తుపాకిని కూడ మూతి నుండియే తుడువవలెను. అయితే శుభ్రపరచు సామాను డబ్బాకు ఉన్న మూతయే గొట్టపు మూతికి తొడుగుగా అమరి, కడ్డీని నడుమన నడుపును. గరాండు సిపాయికి ఏ సంచిలోనో వెదకవలసి వచ్చిన ఇత్తడి తొడుగు ఈ సిపాయికి డబ్బా తెరచినంతనే చేతికి వచ్చును. రెండణాల రేకు ముక్క. ఇంజనీరు తెలివి ఇట్టి చోటులనే తెలియును.

ఇక స్టోనరు రైఫిలు. ఇది ఎడతెగకయు కాల్చగలదు. అయినను ఒక్కొక్క గుండుగా కాల్చునపుడు దీని యంత్రము పైవాటి జాతిదే, ఏ.ఆర్.-15 పేరిట ఒక్కొక్క గుండుగా మాత్రమే కాల్చు రూపమును కలదు. కాగితము మీద చూచినచో పై రెండింటి లోపములును ఇందు లేవు. రెండు పిన్నులు నెట్టినచో ఇది కూడ మడతపడును, బోల్టు వాహకము వెనుకకు జారి చేతికి వచ్చును, గొట్టమును మూలము నుండి తుడువవచ్చును. కాని రెండు సైటులును గొట్టముతోపాటు పై భాగముననే ఉన్నవి. మడత ఎన్నిసార్లు తెరచినను వాటి పొందిక చెదరదు. బోల్టు నేరుగా గొట్టపు మూలమునకే తగులుకొనును. రిసీవరుకు ఒత్తిడి లేదు, అందుకే దానిని అల్యూమినియముతో చేయగలిగిరి. కొయ్య లేదు, కొయ్య సడలుట లేదు. గొట్టము మీద బరువైన పిస్టను లేదు. ఒక సన్నని గొట్టము గుండ వాయువు వెనుకకు వచ్చి, బోల్టు వాహకము లోపలనే వ్యాకోచించి, గొట్టపు ఇరుసు వెంటనే దానిని నెట్టును. విప్పు చోటును గురికి సంబంధము లేని చోట పెట్టుట అనగా ఇది. గురికి, శుభ్రతకు వైరము తప్పనిసరి కాదనుటకు ఇంతకంటె మంచి సాక్ష్యము అక్కరలేదు. పోటీలలో చిన్న గుండుకు గాలి తాకిడి ఎక్కువగా ఉన్నను, 1990 దశకములో ఈ రైఫిలే ఎం-14 ను వెనుకకు నెట్టినది.

ఈ యంత్రమే 1965, 1967 నడుమ వియత్నాములో తన యజమానులను చంపినది.

ఒక వెల ఉన్నది. పిస్టను ముందే మసిని ఆపు ఏర్పాటు ఇందు లేదు. మసి నేరుగా బోల్టు దగ్గరకు వచ్చును. అందుచే దీనికి శుభ్రత సులభమేగాని, తరచుగా చేయవలెను. పాత్ర తోముట సులభమా, తోమవలసిన అవసరము తక్కువా అనునవి వేరువేరు ప్రశ్నలు. ఈ రెండింటిని ఒకటిగా కలిపివేసినవారు ఆ తుపాకి తన్ను తాను శుభ్రపరచుకొనునను వదంతిని నమ్మిరి. వేలకొలది తుపాకులు శుభ్రపరచు సామాను లేకుండ అడవులకు చేరెను. ఆ సామాను దాచుకొనుటకు బట్టులో అర కూడ లేదు. ఇంతలో 1964 లో తూటా మందును మార్చిరి. స్టోనరు తన తుపాకిని సరిచూచుకొనినది సన్నని కడ్డీల రూపమున ఉండు మందుతో. దాని బదులు గోళీల రూపమున ఉండు మందు వచ్చెను. గుండు వేగము కోరినంత వచ్చినది గాని, వాయు రంధ్రము దగ్గర ఒత్తిడి హెచ్చి యంత్రము నిర్ణీత వేగము కంటె త్వరగా పరుగెత్తసాగెను. ఆ మందులో ఆమ్లమును అణచుటకు కలిపిన కాల్షియం కార్బొనేటు, అనగా సుద్ద, వాయువు వచ్చు సన్నని గొట్టములో పేరుకొనెను. తూటా కూర్చుండు అరకు క్రోమియం పూత లేకపోవుటచే ఆ తేమలో అది త్రుప్పు పట్టి గుంటలు పడెను. వేగముగా లాగు యంత్రము, త్రుప్పున అతుక్కొనిన ఖాళీ తొడుగు: బోల్టు తొడుగు అంచును చించివేసి వెనుకకు పోవును, తొడుగు లోపలనే నిలుచును. దానిని మూతి నుండి పొడిచి తీయుటకు కడ్డీ కావలెను. కడ్డీ ఎక్కడిది? చనిపోయిన సిపాయిల ప్రక్కన, విప్పి బాగుచేయబోయిన తుపాకులు దొరకినవి.

అమెరికా ప్రతినిధి సభ 1967 లో రిచర్డు ఐకార్డు అధ్యక్షతన ఒక ఉపసంఘమును నియమించి విచారించెను. చాలినంత పరీక్ష లేకుండ మందు మార్చుటను, లోపములు తెలిసిన పిదపను సరిదిద్దకపోవుటను ఆ సంఘము తీవ్రపదములతో నిందించినది. ఆ ఏడే తూటా అరకు క్రోమియం పూత వచ్చెను, మరికొంత కాలమునకు గొట్టమంతటికిని వచ్చెను. శుభ్రపరచు సామాను, శిక్షణ వచ్చెను. మందులో సుద్ద పాలు తగ్గెను. విల్ ఐస్నరు అను చిత్రకారుని బొమ్మలతో 1968 లో తుపాకిని తుడుచు విధము తెలుపు చిన్న పుస్తకము వెలువడెను. ఇవన్నియు ఒకటి రెండేండ్లలో చేయగలిగిన పనులైనపుడు, మొదటనే చేయుటకు అడ్డమేమి? స్టోనరు గీతలలో ఉన్న తప్పు కొంచెము. ఆ గీతలను నమ్మి, మురికికి అక్కడ చోటు లేదనుకొనినవారి తప్పు కొండంత. బోల్టు మూసికొనకపోయినచో చేతితో ముందుకు నెట్టుటకు సైన్యము పట్టుబట్టి ఒక మీటను చేర్పించినది. స్టోనరు దానికి ఒప్పుకొనలేదు. మురికిపట్టిన తూటాను బలవంతముగా లోపలికి నెట్టుట చిక్కును మరింత బిగించుటయే అన్న ఆయన వాదము న్యాయముగనే కనబడును.

క్రోమియం పూతను గూర్చి ఒక మాట మిగిలియున్నది. ఇది త్రుప్పును ఆపును. నునుపు వలన మసి, రాగి తేలికగా వదలును. శుభ్రతకు ఇంతటి మేలు చేసినది మరొకటి లేదు. కాని విద్యుత్తుతో పట్టించిన పూత గొట్టము పొడవునా ఒకే మందమున ఉండుట కష్టము. మైక్రానులలోని ఆ హెచ్చుతగ్గులను గుండు కనిపెట్టును. అందుచేత పోటీ రైఫిళ్లకు క్రోమియం పూయక, త్రుప్పుపట్టని ఉక్కుతో గొట్టము చేయుదురు. అట్టి గొట్టము నిదానముగా, ఓపికతో తుడుచువానికే తగును. వైరము నిజముగా ఉన్నచోటు ఇదే. లోహపు తలము మీద, మైక్రానుల లెక్కలో, ఒకటి కావలెనన్న రెండవది కొంత తగ్గును. కీళ్లు, పిన్నులు, సైటుల చోట్ల విషయమున మాత్రము అది నిర్మాతల అలసత్వమునకు పెట్టిన గౌరవనామము.

తుడుచుటకును హద్దున్నది. బాగుగా తుడిచి నూనె పూసిన గొట్టము నుండి వెలువడు మొదటి గుండు తరచుగా మిగిలిన గుండ్లతో కలియదు. నూనె పొర, మసి లేని లోహము ఆ ఒక్క గుండుకు వేరు రాపిడిని ఇచ్చును. ఇది తెలిసినవారు పోటీ ప్రారంభమునకు ముందు గొట్టము పొడిగుడ్డతో తుడిచి, రెండు మూడు గుండ్లను లెక్కలోనికి రాకుండ మట్టిదిబ్బ లోనికి కాల్చి, గొట్టమునకు కొంచెము మసి పట్టించిన పిమ్మటనే గురి చూతురు.